పరీక్షకు నిలిచిన సిద్ధాంతం రుజువైనట్టేనా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఎన్ని ప్రయోగాలు అనుకూలంగా వచ్చినా ఏ సిద్ధాంతమూ రుజువు కాదనీ, ఒక్క ప్రతికూల ఫలితం వస్తే మాత్రం అది కూలిపోతుందనీ చదివాను, మరి యురేనస్ గ్రహం న్యూటన్ లెక్కకు లొంగనప్పుడు ఖగోళ శాస్త్రజ్ఞులు న్యూటన్‌ను ఎందుకు వదులుకోలేదన్నది మొదటిది. రుజువన్నదే లేనప్పుడు "ప్రయోగాల్లో నిర్ధారణ అయింది" అన్న మాటకు అర్థమేమిటన్నది రెండోది. ఈ విషయాన్ని చాలాకాలంగా బోధిస్తున్నవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. ఫలితం లెక్కతో కలిసిందా, లేదా అన్నదొక్కటే చూసినంత కాలం ఈ రెండింటికీ జవాబు దొరకదు. సిద్ధాంతం తప్పయి ఉంటే ఆ పరీక్ష దాన్ని పట్టుకోగలిగేదా, ఫలితం బెడిసికొట్టినప్పుడు చేసిన సవరణకు విడిగా మరో పరీక్ష ఉందా అన్నవి కూడా చూడాలి.

తర్కం వరకే చూస్తే మీరు చదివిన అసమానత నిజమే. "సిద్ధాంతం నిజమైతే ఫలానా ఫలితం రావాలి, ఆ ఫలితం వచ్చింది, కాబట్టి సిద్ధాంతం నిజం" అన్న వాదం చెల్లదు. వాన కురిస్తే నేల తడుస్తుంది గనుక, తడిసిన నేలను చూసి వాన కురిసిందని తేల్చేయలేం. ఎవరో నీళ్లు చల్లి ఉండవచ్చు. రావలసిన ఫలితం రాలేదు కాబట్టి సిద్ధాంతం తప్పు అనే వాదంలో మాత్రం తర్కదోషం లేదు. తత్వవేత్త కార్ల్ పాపర్ 1934లో జర్మన్ భాషలో వెలువరించిన గ్రంథంలో తన దృక్పథాన్నంతా ఈ తేడా మీదే నిలబెట్టాడు. చూసిన కొన్నింటి నుంచి చూడని అన్నింటి గురించి తేల్చి చెప్పే హక్కు మనకెక్కడిదని 18వ శతాబ్దంలో డేవిడ్ హ్యూమ్ వేసిన ప్రశ్నకు జవాబు లేదని ఒప్పుకుని, విజ్ఞానశాస్త్రానికి అసలు ఆ హక్కుతో పనిలేదని వాదించడమే పాపర్ చూపిన తెగువ. ఆ ప్రశ్న హ్యూమ్‌తోనే పుట్టలేదు. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందన్న వ్యాప్తిని అన్ని కాలాలకూ, అన్ని దేశాలకూ ఎలా తెలుసుకున్నారని భౌతికవాదులైన చార్వాకులు న్యాయ దర్శనానికి చెందిన నైయాయికులను నిలదీశారు. శంకించేవాడి సొంత ఆచరణకే విరుద్ధమయ్యే చోట శంక ఆగిపోతుందని నైయాయికుడైన ఉదయనుడు బదులిచ్చాడు. అది పూర్తి సమాధానం కాకపోవచ్చు గానీ, అక్కడ ప్రశ్న ఎంత లోతుకు వెళ్లిందో గమనించడం మంచిది.

పాపర్ చిత్రంలో ఇబ్బంది ఏమిటంటే, అందులో సిద్ధాంతం ఒంటరిగా బోనులో నిలబడుతుంది. వాస్తవంలో అలా ఎప్పుడూ జరగదని ఫ్రెంచ్ భౌతిక శాస్త్రజ్ఞుడు పియర్ దుయెమ్ 1906లోనే స్పష్టం చేశాడు. న్యూటన్ గురుత్వాకర్షణ సూత్రం ఒక్కదాని నుంచి ఏ గ్రహం ఏ రాత్రి ఎక్కడ కనిపిస్తుందో చెప్పలేం. సౌరకుటుంబంలో ఏయే కాయాలున్నాయి, వాటి ద్రవ్యరాశులెంత, భూమి వాతావరణంలో కాంతి ఎంత వంగుతుంది, దూరదర్శిని సరిగా అమర్చి ఉందా, పాత పరిశీలనల్లో దోషమెంత అన్నవన్నీ కలిస్తేనే ఒక అంకె బయటికి వస్తుంది. అంకె తప్పితే తర్కం చెప్పేది ఒక్కటే, ఈ మొత్తంలో ఎక్కడో ఏదో తప్పు ఉందని. ఆ తప్పు ఎక్కడుందో తర్కం చెప్పదు. 1951లో అమెరికన్ తత్వవేత్త క్వైన్ దీన్ని మరింత దూరం తీసుకెళ్లి, మిగతావాటిలో తగినన్ని మార్పులు చేసుకోవడానికి సిద్ధపడితే ఏ వాక్యాన్నైనా కాపాడుకోవచ్చన్నాడు. అంత దూరం వెళ్లడం నాకు సమ్మతం కాదు. ఏ వాక్యాన్నైనా కాపాడుకోవచ్చన్నది నిజమే అయినా, కాపాడుకోవడానికి చెల్లించే మూల్యం అన్ని చోట్లా ఒకటే కాదు. యురేనస్ కథ ఆ తేడాను చూపిస్తుంది.

విలియం హెర్షెల్ 1781లో యురేనస్‌ను కనుగొన్నాడు. ఆ తరవాతి దశాబ్దాల్లో అది లెక్కగట్టిన దారి నుంచి క్రమంగా తప్పుకుంటూ వచ్చింది. అంత దూరాన గురుత్వాకర్షణ సూత్రమే కొంచెం మారుతుందేమోనన్న ఆలోచన కూడా అప్పుడు వినిపించింది. ఇంగ్లండులో జాన్ కౌచ్ ఆడమ్స్, ఫ్రాన్సులో ఉర్బెయిన్ లెవెరియె ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా మరో మార్గం పట్టారు. సూత్రాన్ని అలాగే ఉంచి, సౌరకుటుంబంలో ఉన్న కాయాల జాబితాను అనుమానించారు. బయట మరో గ్రహం ఉండి యురేనస్‌ను లాగుతోందనుకుంటే అది ఎక్కడుండాలో లెక్కవేశారు. లెవెరియె రాసిన ఉత్తరం బెర్లిన్ వేధశాలకు చేరిన రాత్రే, అంటే 1846 సెప్టెంబరు 23న, యోహాన్ గాలె తన సహాయకుడు దారెస్ట్‌తో కలిసి నక్షత్ర పటంతో పోల్చి చూస్తే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే పటంలో లేని చుక్క కనిపించింది. అదే నెప్ట్యూన్.

ఇక్కడ అంతగా ప్రచారంలో లేని సంగతి ఒకటుంది. ఆ కొత్త గ్రహం సూర్యుడికి ఎంత దూరంలో ఉండాలన్న ఊహకు ఇద్దరూ గ్రహాల దూరాలు ఒక నిర్దిష్ట వరసలో పెరుగుతాయనే బోడె నియమాన్ని ఆధారం చేసుకున్నారు. ఆ నియమం నెప్ట్యూన్ విషయంలో తప్పు. వాళ్లు తేల్చిన కక్ష్యలు భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి సుమారు 36, 37 రెట్ల దగ్గర ఉంటే, అసలు కక్ష్య 30 రెట్ల దగ్గరే ఉంది. ఆ సంవత్సరాల్లో గ్రహం ఏ దిక్కున ఉందన్నది మాత్రం సరిపోయింది. అంటే పరీక్ష నెగ్గిన కట్టలో కూడా తప్పుడు పుల్ల ఉండవచ్చు. దుయెమ్ చెప్పిన చిక్కు ఓడినప్పుడే కాదు, నెగ్గినప్పుడూ ఉంటుంది.

ఇదే లెవెరియె 1859లో బుధ గ్రహం మీద ఇదే పద్ధతి ప్రయోగించాడు. బుధుడు సూర్యుడికి అతి సమీపంగా వచ్చే బిందువు, మిగతా గ్రహాల ఆకర్షణను లెక్కలోకి తీసుకున్నాక కూడా, నూరేళ్లకు 38 ఆర్క్ సెకన్ల మేర (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) అదనంగా జరుగుతోందని అతడు తేల్చాడు. తరవాత సైమన్ న్యూకంబ్ దాన్ని 43గా సవరించాడు. సూర్యుడికీ బుధుడికీ మధ్య మరో గ్రహం ఉండాలన్నది లెవెరియె ప్రతిపాదన. లెస్కార్బో అనే వైద్యుడు సూర్యబింబం మీదుగా ఒక నల్లని చుక్క దాటడం చూశానని చెబితే నమ్మి, ఆ గ్రహానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. 1878 సూర్యగ్రహణంలో దాన్ని చూశామని ఇద్దరు పరిశీలకులు ప్రకటించారు. అది నిలబడలేదు. 1894లో ఆసాఫ్ హాల్, దూరపు వర్గానికి విలోమానుపాతం అన్న సూత్రంలో 2 అనే ఘాతానికి బదులు 2.00000016 పెడితే బుధుడి లెక్క కుదురుతుందని చూపాడు. బుధుడి వరకు కుదిరిన ఆ అంకె చంద్రుడి గమనంతో పొసగలేదు. చివరికి 1915 నవంబరులో ఐన్‌స్టీన్ తన సాధారణ సాపేక్ష సిద్ధాంతం నుంచి, ఏ అంకెనూ ఇష్టానికి సర్దుబాటు చేయకుండా, ఆ 43 ఆర్క్ సెకన్లనూ రాబట్టాడు.

ఒకే మనిషి, ఒకే రకం ఆలోచన. ఒకసారి న్యూటన్‌కు గొప్ప విజయం, మరోసారి ఎండమావి. కాబట్టి "ప్రతికూల ఫలితం వచ్చినా సిద్ధాంతాన్ని పట్టుకుని వేలాడటం అశాస్త్రీయం" అన్నదీ, "పట్టుకోవడమే సరైనది" అన్నదీ ముందుగా గీసుకునే నియమాలు కాలేవు. లెవెరియె రెండుసార్లూ తప్పు చేయలేదన్నది నా తీర్పు. వల్కన్ ఉందనడం వట్టి సాకు కాదు. ఫలానా చోట వెతకండి, కనబడకపోతే నా మాట తప్పు అని చెప్పగలిగిన ప్రతిపాదన అది. వెతికారు, లేదు. తత్వవేత్త ఇమ్రె లకటోష్ 1970 ప్రాంతంలో చేసిన వర్గీకరణ ఇక్కడ పనికొస్తుంది. చిక్కు వచ్చినప్పుడు చేసిన సవరణ కొత్త విషయాలను ముందుగా చెప్పి, వాటిలో కొన్నయినా నిజమైతే ఆ పరిశోధన ముందుకు పోతున్నట్టు. ప్రతి సవరణా ఆ ఒక్క చిక్కును కప్పిపుచ్చడానికే తప్ప మరెందుకూ కొరగాకపోతే అది క్షీణిస్తున్నట్టు. పరమాణు కేంద్రకం ఎలక్ట్రాన్‌ను వదిలే బీటా క్షయంలో శక్తి లెక్క తేలక, కంటికీ పరికరానికీ చిక్కని కణమొకటి ఆ శక్తిని పట్టుకుపోతోందని 1930లో పౌలి అన్నప్పుడు అది సాకులాగే వినిపించింది. 1956లో రైన్స్, కోవన్ అణు రియాక్టర్ పక్కన పరికరం పెట్టి న్యూట్రినోను పట్టుకునే దాకా సుమారు పాతికేళ్లు ఆగవలసి వచ్చింది. ఆగవలసిన గడువు ఎంతో లకటోష్ చెప్పలేదు. చెప్పలేకపోవడం అతడి లోపమని విమర్శకులు అంటారు. అటువంటి గడువు ఉంటుందని నేననుకోను.

ఇక రెండో ప్రశ్న. ఒక ఫలితం సిద్ధాంతాన్ని బలపరుస్తుందని ఎప్పుడంటాం? "అన్ని కాకులూ నలుపే" అన్న ప్రతిపాదనను నల్లని కాకి బలపరుస్తుందనుకోవడం సహజం. కానీ ఆ ప్రతిపాదనా, "నలుపు కానిది ఏదీ కాకి కాదు" అన్నదీ తర్కరీత్యా ఒకటే. రెండోదాన్ని తెల్ల చెప్పు బలపరుస్తుంది, ఎందుకంటే అది నలుపూ కాదు, కాకీ కాదు. అలాగైతే చెప్పుల దుకాణంలో కూర్చుని పక్షిశాస్త్రం చేయవచ్చన్నమాట. 1940లలో కార్ల్ హెంపెల్ లేవనెత్తిన ఈ చిక్కును విద్యార్థులు మాటల గారడీగా కొట్టిపారేస్తుంటారు. అది గారడీ కాదు. ఫలితానికీ సిద్ధాంతానికీ మధ్య ఉన్న తార్కిక ఆకారం ఒక్కటే చూసి బలాన్ని కొలవలేమని అది నిర్మొహమాటంగా చూపిస్తుంది. నెల్సన్ గుడ్‌మన్ తరవాత ఇంకో మెలిక పెట్టాడు. ఇప్పటిదాకా చూసిన మరకతాలన్నీ ఆకుపచ్చగా ఉన్నాయన్న సాక్ష్యం, "ఫలానా తేదీ లోపు చూసినవి ఆకుపచ్చ, మిగతావి నీలం" అన్న ప్రతిపాదనతోనూ అంతే చక్కగా సరిపోతుంది. దీనికి అందరూ ఒప్పుకున్న పరిష్కారం నేటికీ లేదు.

నల్ల కాకినీ తెల్ల చెప్పునూ వేరు చేసేది ఏమిటి? నలుపు కాని కాకి ఉంటే, చెప్పులు చూస్తూ కూర్చున్నంత కాలం అది మన కంట పడే అవకాశమే లేదు. కాకులను వెతికి రంగు చూస్తే ఆ అవకాశం ఉంది. మొదట్లో నేను చెప్పిన కొలబద్ద ఇదే. సిద్ధాంతం తప్పయితే బయటపడే అవకాశం ఎక్కువగా ఉన్న పరీక్షలో నెగ్గడమే బలం. డెబొరా మేయో దీన్ని గణాంకశాస్త్ర పరిభాషలోకి తెచ్చి, పరీక్ష కాఠిన్యం అన్న భావన చుట్టూ ఒక సంపూర్ణమైన వాదాన్ని కట్టింది. ఇందుకు చరిత్రలో నాకు నచ్చే ఉదాహరణ ఫ్రెనెల్‌ది. ఫ్రెంచ్ అకాడమీ పోటీకి అతడు పంపిన కాంతి తరంగ సిద్ధాంతాన్ని పరిశీలిస్తూ, కాంతి కణాల ప్రవాహమని నమ్మే పువసాన్, ఇదే నిజమైతే గుండ్రని పలక నీడ సరిగ్గా నడిమధ్యలో వెలుగుచుక్క ఉండాలి కదా అని, ఆ అసంబద్ధతే సిద్ధాంతానికి సమాధి అనుకున్నాడు. అరాగో ప్రయోగం చేసి చూస్తే నీడ మధ్యలో చుక్క ఉంది. తరంగ సిద్ధాంతం తప్పయితే ఆ చుక్క కనిపిస్తుందని ఊహించడానికి ఎవరికీ కారణం లేదు. ఆ ఒక్క చుక్కకు అంత బరువు రావడం అందుకే.

దీన్నే బేస్ పద్ధతివారు అంకెల్లో చెబుతారు. థామస్ బేస్ వ్యాసం అతడు చనిపోయాక 1763లో వెలువడింది. ఆ లెక్క ప్రకారం ఒక ఫలితం ఎంత బలపరుస్తుందన్నది, సిద్ధాంతం నిజమైతే ఆ ఫలితం వచ్చే సంభావ్యతకూ, తప్పయితే కూడా అదే ఫలితం వచ్చే సంభావ్యతకూ ఉన్న నిష్పత్తి మీద ఆధారపడుతుంది. ఒక ప్రతిపాదన నిజమయ్యే అవకాశం నూటికి 1 అనుకోండి. అది నిజమైతే ఫలితం వచ్చే అవకాశం నూటికి 90, కాకపోతే నూటికి 10 అనుకోండి. ఫలితం వచ్చాక ఆ 1 కాస్తా 8కి పైగా చేరుతుంది, అంతే. మొదటి పరీక్షతో సంబంధం లేని రెండో పరీక్షలోనూ అలాగే వస్తే 45 అవుతుంది, మూడోసారీ వస్తే 88 అవుతుంది. ఒక్క ప్రయోగం గట్టిగా నెగ్గినా శాస్త్రజ్ఞులు ఎందుకు సంతృప్తిపడరో, మూడు స్వతంత్ర ఫలితాలకు అంత తేడా ఎందుకు వస్తుందో ఈ చిన్న లెక్కలోనే ఉంది. ఈ పద్ధతికి తగిలే విమర్శలు తేలికైనవి కావు. మొదటి ఆ 1 ఎక్కడి నుంచి వచ్చింది? ఐన్‌స్టీన్‌కు ముందే అర్ధ శతాబ్దానికి పైగా తెలిసి ఉన్న బుధుడి చలనం, తెలిసిన విషయం గనుక దాని సంభావ్యత నూటికి నూరు అయితే, అది కొత్త సిద్ధాంతాన్ని బలపరచడం ఈ లెక్కలో ఎలా సాధ్యం? క్లార్క్ గ్లైమర్ 1980లో వేసిన ఈ ప్రశ్నకు పలు సమాధానాలు వచ్చాయి, ఏదీ అందరినీ ఒప్పించలేదు. నా వరకు బేస్ లెక్క సాక్ష్యం బరువును ఆలోచించడానికి మంచి సాధనం, శాస్త్రజ్ఞుడి మనసులో నిజంగా జరిగేదానికి వర్ణన మాత్రం కాదు.

పుస్తకంలో ఒక్క వాక్యంలో తేలిపోయే "ఫలితం వచ్చింది" అన్న మాట వెనక ఎంత ఉంటుందో 1919 మే 29 సూర్యగ్రహణం చూపిస్తుంది. సూర్యుడి అంచున నక్షత్ర కాంతి వంపు ఐన్‌స్టీన్ లెక్కలో 1.75 ఆర్క్ సెకన్లు, న్యూటన్ సూత్రాన్ని కాంతికి వర్తింపజేస్తే అందులో సగం. ప్రిన్సిపే దీవిలో బ్రిటిష్ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎడింగ్టన్ బృందానికి మబ్బులు అడ్డొచ్చి పనికొచ్చే ఫొటో పలకలు రెండే మిగిలాయి. వాటి నుంచి వచ్చిన విలువ 1.61. బ్రెజిల్‌లోని సొబ్రాల్‌లో రెండు పరికరాలు పెట్టారు. చిన్న కటకం ఇచ్చినది 1.98. పెద్ద పరికరం పలకల నుంచి వచ్చినది 0.93, అంటే న్యూటన్ సగానికి దగ్గర. ఆ పలకల మీద నక్షత్రాల బింబాలు అలుక్కుపోయి ఉన్నాయి, ఎండ వేడికి అద్దం ఆకారం మారి నాభి తప్పిందని తేల్చి ఆ విలువను పక్కన పెట్టారు. తనకు కావలసిన జవాబు కోసం ఎడింగ్టన్ లెక్క సర్దాడని తరవాత కొందరు ఆరోపించారు. ఆ ఆరోపణ నాకు న్యాయంగా కనిపించదు. పలకలు చెడ్డాయనడానికి కారణం విలువ నచ్చకపోవడం కాదు, పలకల మీదే కంటికి కనిపించే లోపం. పైగా 1979లో గ్రీనిచ్‌లో ఆధునిక యంత్రంతో అవే పలకలను మళ్లీ కొలిచినప్పుడు ఆ చెడ్డ పలకలు సైతం 1.55 ఇచ్చాయి. అయినా 1919 నాటి ఫలితం ఒక్కదానితోనే సాపేక్ష సిద్ధాంతం స్థిరపడిందనడం అతిశయోక్తే అవుతుంది.

దుయెమ్ చిక్కు నుంచి బయటపడే దారి, నాకు తెలిసినంతలో, ఫ్రెంచ్ భౌతిక శాస్త్రజ్ఞుడు జాఁ పెరాఁ పనిలో అన్నిటికన్నా స్పష్టంగా కనిపిస్తుంది. 20వ శతాబ్దం మొదట్లో అణువులు నిజంగా ఉన్నాయా, లేక లెక్కకు అనువైన ఊహలేనా అన్న వాదం ఇంకా తెగలేదు. పెరాఁ గాంబోజ్ అనే చెట్టుబంకను నీటిలో కలిపి, అపకేంద్ర యంత్రంలో మళ్లీ మళ్లీ తిప్పి, వ్యాసార్ధం 0.212 మైక్రాన్లుండే సమాన రేణువులను వేరు చేశాడు. పలుచని ఆ నీటిపొరను సూక్ష్మదర్శినిలో 5, 35, 65, 95 మైక్రాన్ల ఎత్తుల్లో చూస్తూ రేణువులను లెక్కపెట్టాడు. అట్టడుగున 100 అనుకుంటే పైకి పోయేకొద్దీ 47, 22.6, 12 చొప్పున తగ్గాయి. పర్వతం ఎక్కేకొద్దీ గాలి పలచబడే సూత్రమే ఇక్కడ మిల్లీమీటరులో పదోవంతు ఎత్తులో పనిచేస్తోంది. ఆ తగ్గుదల నుంచి అవొగాడ్రో సంఖ్య, అంటే ఒక మోల్ పదార్థంలో ఉండే అణువుల సంఖ్య, వస్తుంది. ద్రవంలో రేణువులు ఆగకుండా అటూ ఇటూ కదిలే బ్రౌన్ చలనంలో రేణువు జరిగే దూరం నుంచీ, ఆకాశపు నీలిమ నుంచీ, రేడియోధార్మికత నుంచీ, ఇంకా అనేక మార్గాల్లోనూ అదే సంఖ్య సుమారు 600 నుంచి 700 కోట్ల కోట్ల కోట్ల ప్రాంతంలో, అంటే 6 పక్కన 23 సున్నాల దరిదాపుల్లో, తేలింది. వీటిలో ప్రతి మార్గానికీ దాని సహాయక ఊహలు దానికి ఉన్నాయి, ఒకదాని ఊహలు మరొకదానికి అక్కర్లేదు. ఒక్కొక్క మార్గంలో ఎక్కడో ఒక తప్పుడు పుల్ల ఉండి ఉండవచ్చు. కానీ ఒకదానితో ఒకటి సంబంధం లేని అన్ని తప్పులూ కూడబలుక్కుని ఒకే అంకె దగ్గరికి తీసుకొస్తాయని నమ్మడం కష్టం. అణువాదాన్ని ఏళ్ల తరబడి వ్యతిరేకించిన రసాయన శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ 1909 నాటికి తన ఓటమిని బహిరంగంగా ఒప్పుకున్నాడు. అణువులను నమ్మని మరో శాస్త్రజ్ఞుడు ఎర్న్‌స్ట్ మాఖ్ మాత్రం పూర్తిగా ఒప్పుకోలేదు, అలా ఒప్పుకోకపోవడంలో తర్కదోషమూ లేదు.